ఓనరుగారు మంచివారే, స్లాబు మంచిది కాదు

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో "బాత్‌రూమ్‌లో పంపు తిప్పితే జిల్లుమంటోంది పెద్దమ్మా, రబ్బరు చెప్పులేసుకుని స్నానం చేస్తున్నాం" అని నవ్వావు. ఆ నవ్వు నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. మీ అద్దె ఇంటి సీలింగ్ నుంచి పెచ్చు ఊడిపడిన సంగతి తర్వాత రాస్తాను. ముందు ఈ ఉత్తరం పక్కన పెట్టి, లేచి వెళ్లి గీజర్ ఆపెయ్. స్విచ్ ఒక్కటీ ఆపితే సరిపోదు, దాని ఎంసీబీ (కరెంటు బోర్డులో ట్రిప్ అయ్యే స్విచ్) కూడా కిందికి దించు. పాత ఇళ్లలో స్విచ్ ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) మీద కాకుండా న్యూట్రల్ (తిరిగి పోయే తీగ) మీద ఉన్న వైరింగులు మీ పెదనాన్న ఎన్నో చూశారు. అలాంటిచోట స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది.

ఆపాక కూడా జిల్లుమంటుంటే అది మీ గీజర్ వల్ల కాదు. కింది మోటారో, పక్క పోర్షనో అయ్యుంటుంది. అప్పుడు ఆ బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టేసి ఓనరుగారిని లేపు, రాత్రి పన్నెండైనా సరే. మెయిన్ ఆపినా తగులుతుంటే కరెంటోళ్ల నంబరు 1912కి ఫోన్ చెయ్యి. పంపు పట్టుకుని "ఇప్పుడు తగులుతోందా" అని మాత్రం చూడొద్దు. అది టెస్టర్‌తో చూసే పని, అదీ తెలిసినవాళ్లు చూడాలి.

గీజర్ వల్లే అయితే జరుగుతున్నది ఇదీ. దాని లోపలి ఎలిమెంటు పాడై కరెంటు నీళ్లలోకి వస్తోంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోయేది. మీ ఇంట్లో ఎర్త్ ఉందన్న నమ్మకం నాకు లేదు. వెనకటికి ఇంటి వెనక గుంత తీసి ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ పెట్టేవాళ్లు, ఎండాకాలంలో ఒక చెంబెడు నీళ్లు పోసేవాళ్లు. ముప్ఫై ఐదేళ్ల ఇల్లంటున్నావు, ఆ గుంత మీద ఇప్పుడు టైల్స్ వేసి ఓనరుగారి కారు పెట్టి ఉంటారు.

ఎలక్ట్రీషియన్ వస్తే పక్కనే నిలబడు. ఎర్త్ వైరు లేదని తెలిసి, సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపేసి "చూడండి మేడమ్, బల్బు వెలుగుతోంది" అని చూపించేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకు. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున గీజర్ ఒళ్లంతా, ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే. ఫ్యూజు పాతదైతే అందులో లావుపాటి రాగితీగ చుట్టారేమో కూడా చూడమను. ఇంకో పని చెయ్యి: మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టించు. ఎంసీబీ ఉందిగా అంటారు. ఎంసీబీ వైర్లు కాలిపోకుండా చూస్తుంది, మనిషి ఒంట్లోంచి పోయే ఆ కాస్త కరెంటు దానికి లెక్కలోకి రాదు. ఆర్‌సీసీబీ దానికీ పడిపోతుంది. రెండు మూడు వేలల్లో అయిపోతుంది. ఓనరుగారు ఇవ్వకపోతే నీ డబ్బుతోనే పెట్టించు, ఖాళీ చేసేటప్పుడు విప్పించుకుని తీసుకుపోవచ్చు. అంతమాత్రాన ఎర్త్ అక్కర్లేదని కాదు, అది కూడా వేయించాలి.

ఇక స్లాబు సంగతి.

1998లో మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్లం. మధ్యాహ్నం పూట మీ అన్నయ్యని నిద్రలేపి పాలు తాగిద్దామని వంటింట్లోకి తీసుకెళ్లాను. అటు వెళ్లానో లేదో వెనకాల ధబ్‌మని చప్పుడు. వాడు పడుకున్న మంచం మీద, దిండుకి జానెడు దూరంలో, భోజనం పళ్లెమంత పెచ్చు. తిప్పి చూస్తే లోపలివైపు ఎర్రగా పొడుగ్గా ఒక చార. చువ్వ అచ్చు పడినట్టు. పైన చూస్తే ఆ చువ్వ వేలాడుతోంది, గోరుతో గీస్తే తుప్పు పొరలుగా రాలుతోంది. ఓనరుగారిని పిలిస్తే ఆయన పైకి చూసి, కాసేపాలోచించి, "మీరు ఫ్యాను ఐదులో తిప్పుతారమ్మా, ఆ అదురుకి" అన్నారు. నేను అప్పుడు తల ఊపాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఫ్యానుకీ దానికీ సంబంధం లేదు. ట్యాంకు పొంగిన నీళ్లు, వాన నీళ్లు ఏళ్ల తరబడి స్లాబులోకి దిగి చువ్వకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి కింది కాంక్రీటుని తోసేస్తుంది. అందుకని ఒకచోట పెచ్చు ఊడిందంటే పక్కన ఇంకెన్ని ఊడటానికి సిద్ధంగా ఉన్నాయో తెలుసుకోవాలి. అల్లుడికి హెల్మెట్ పెట్టి, పొడుగు కర్రతో, నెత్తి మీద కాకుండా కాస్త పక్కగా నిలబడి సీలింగ్ అంతా మెల్లగా తట్టమను. గట్టిగా ఉన్నచోట టకటకమంటుంది, విడిపోయిన చోట డప్పులా డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన మేర సుద్దముక్కతో గీత గీసి ఫోటో తియ్యండి. ఆ గీత కింద మంచం గానీ, పాప ఆటసామాను గానీ, పొయ్యి గానీ ఉండకూడదు. ఫ్యాను కొక్కెం ఆ గీతలోకి వస్తే ఆ ఫ్యాను విప్పించెయ్. టేబుల్ ఫ్యాను కొనుక్కో, నాలుగు నెలలు ఉక్కపోస్తే ఏం కాదు.

గోడ మీద సాలెగూడులా సన్నగా ఉండే గీతలు చూసి టెన్షన్ పడకు, అవి ప్లాస్టరింగువి. పిల్లర్లోనో, దూలంలోనో చువ్వ వెంబడి పొడుగ్గా చీలితే భయపడు. ప్రతి పగులు కొసా పెన్సిల్‌తో గుర్తుపెట్టి పక్కన తేదీ వెయ్యి. రెండు వారాలకి గుర్తు దాటి పాకిందంటే ఎవరితోనూ వాదించక్కర్లేదు, చూపిస్తే చాలు. నిన్నటిదాకా బాగా పడిన తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, పైనుంచి ఇసుక రాలుతూ చిటపటమన్నా, ఆ రాత్రికి బట్టలు కూడా సర్దకుండా బయటికొచ్చెయ్యండి. బాల్కనీలో పెచ్చులుంటే అక్కడ నిలబడొద్దు. పిట్టగోడకి బట్టల తీగ కట్టావన్నావు, అది ఇవాళే విప్పెయ్.

నువ్వు ఇవన్నీ అడగలేక ఆగిపోయింది దేనికో నాకు తెలుసు. ఓనరు ఆంటీ ఆవకాయ పంపిస్తుంది, అంకుల్ పాపని ఎత్తుకుని షాపుకి తీసుకెళ్తారు, ఎలా అడగను పెద్దమ్మా అన్నావు. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది, పూర్తిగా ఉత్తరంలో రాయలేను, నీకు తెలిసిందే. అదేం దెబ్బలాట కాదే. రిటైరైన మనిషి, నీ అద్దెతో మందులు కొనుక్కుంటూ ఉండొచ్చు. లక్ష రూపాయల రిపేరు అనగానే ఆయనకీ భయమే. ఆయన "చూద్దాం అమ్మా" అన్నాడంటే అది మోసం కాకపోవచ్చు, చేతిలో డబ్బు లేకపోవడం కావచ్చు. డల్లాస్‌లో కొడుకున్నాడన్నావుగా, ఇంటి మీద డబ్బు పెట్టాల్సింది అతనే. అంకుల్‌కి పెట్టిన మెసేజీ, ఫోటోలు అతనికీ పంపు. అమ్మానాన్నలు కూడా ఆ కప్పు కిందే ఉంటున్నారని అతనికి గుర్తొస్తే పని అవుతుంది. సగం ఇళ్లలో నేను చూసింది ఇదే.

అయితే ఏదైనా నోటిమాటగా వదలొద్దు. ఇలా రాయి, నీ మాటల్లోకి మార్చుకో:

"నమస్కారం అంకుల్ గారూ. ఈ నెల 9న ఉదయం మా బెడ్‌రూమ్ సీలింగ్ నుంచి పెచ్చు ఊడి మంచం మీద పడింది. లోపలి చువ్వలు తుప్పు పట్టి కనిపిస్తున్నాయి. బాత్‌రూమ్ పంపులో కరెంటు తగులుతోంది. ఫోటోలు జతచేశాను. పాపతో ఆ గదిలో ఉండలేకపోతున్నాం. కరెంటు పని వెంటనే, స్లాబు పని 15 రోజుల్లోగా మొదలుపెట్టించగలరు. మేస్త్రీ వచ్చే రోజు చెబితే మేం ఇంట్లో ఉంటాం."

అంతే. కోపం వద్దు, చట్టం పేరు వద్దు. వాట్సాప్‌లో పెట్టు, అదే కాగితం మీద సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు. కింద ఇంట్లోనే ఉంటే పోస్టెందుకంటావు. ఆ రసీదు కోసమే. ఫోన్‌లో ఏదైనా ఒప్పుకుంటే, పెట్టెయ్యగానే "ఇందాక మీరన్నట్టు ఆదివారం మేస్త్రీ వస్తాడని అనుకుంటున్నాం" అని ఒక మెసేజ్ పడెయ్. ఊడిన పెచ్చు పారెయ్యకు, పేపర్లో చుట్టి తేదీ రాసి అటక మీద పెట్టు. నేను మా పెచ్చు రెండేళ్లు దాచాను, మీ పెదనాన్న నవ్వేవారు.

మేస్త్రీ వచ్చాక కూడా చూస్తుండు. వచ్చినవాడు పుట్టీ పెట్టి సున్నం కొట్టి వెళ్లాడంటే జబ్బు మీద పౌడరు రాసినట్టే. మళ్లీ వానాకాలానికి ఇంకాస్త బరువుతో ఊడుతుంది. డొల్లగా ఉన్నదంతా కొట్టి తీసెయ్యాలి, చువ్వల తుప్పు వైరు బ్రష్‌తో గీకాలి, తుప్పు పట్టకుండా కోటింగ్ వెయ్యాలి, ఆపైన రిపేరు మోర్టార్ పెట్టాలి. చువ్వ సగానికి సగం తినేసి ఉంటే మేస్త్రీ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాలి. పైన డాబా మీద నీళ్లు దిగకుండా చెయ్యకపోతే ఇదంతా దండగ. పని జరిగే రోజులు పాపని తీసుకుని మా దగ్గరికి వచ్చెయ్.

చట్టం గురించి అడిగావు కాబట్టి రాస్తున్నాను, నేను లాయర్ని కాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరు, నోటీసిచ్చాక తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చని అందులో ఉంది. అందులో "చేయించాల్సిన" అన్న మాట దగ్గరే పేచీ అంతా. ముందు నీ 11 నెలల అగ్రిమెంటు తీసి రిపేర్ల గురించి ఏం రాశారో చదువు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది, కానీ మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. ఇంటి కట్టడం, వైరింగు, పైపుల మార్పు ఓనరువి. పంపు వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేరు ఉండేవాళ్లవి అని అందులో విడదీశారు. కాబట్టి గీజర్ ఎలిమెంటు నువ్వు మార్పించు, ఎర్తూ స్లాబూ ఆయన్ని అడుగు. ఎవరో రెంట్ కంట్రోల్ కోర్టుకి వెళ్లమన్నారన్నావు. 1960 నాటి ఆ చట్టం హైదరాబాద్‌లో నెలకు 3,500 దాటిన అద్దెలకు వర్తించదు. దాన్ని వదిలెయ్. మాట వినకపోతే న్యాయసేవాధికార సంస్థకి వెళ్లు, నంబరు 15100. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, కోర్టుదాకా పోకుండా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు కూడా.

అద్దె మాత్రం ఆపొద్దు. నేను ఆ తప్పు చేశాను. రిపేరు చేసేదాకా ఇవ్వనని రెండు నెలలు ఆపాను. మూడో నెల కింద వాల్వు కట్టేసి నీళ్లు ఆపేశారు. స్లాబు గురించి మాట్లాడాల్సినవాళ్లంతా నా బాకీ గురించి మాట్లాడారు. తగ్గించుకోవాల్సి వస్తే ముందు చెప్పి, బిల్లు చూపించి, రాతలో ఒప్పించుకుని తగ్గించు. మిగతాది ఒకటో తారీఖుకి అకౌంట్‌లో వేసెయ్.

జీహెచ్‌ఎంసీకి కంప్లైంట్ ఇచ్చే ముందు ఒక్కసారి ఆలోచించుకో. 040-21111111కి చెబితే మనుషులు వచ్చి చూస్తారు. కూలేలా ఉందని తేలితే వాళ్ల చట్టంలో 456వ సెక్షన్ కింద ఓనరుకి నోటీసిస్తారు, ఖాళీ చేయమనడం కూడా అందులో ఉంటుంది. అంటే నువ్వూ సామాను సర్దుకోవాలి. కాబట్టి ఇంకో ఇల్లు చూసుకుంటూ ఆ ఫోన్ చెయ్యి. దూలం చీలిందని తెలిస్తే మాత్రం ఇల్లు దొరికేదాకా ఆగొద్దు, కింద ముసలివాళ్లున్నారు.

నన్నడిగితే ఆ ఇంట్లో వానాకాలం గడపొద్దు. అడ్వాన్సు రెండు నెలలదేగా. అగ్రిమెంటులో ఎన్నాళ్ల నోటీసు ఉందో అంత ముందే రాతలో ఇచ్చి, అడ్వాన్సుని ఆఖరి నెలల అద్దెకి సరిపెట్టుకోమని ఒప్పించు. కారణం స్లాబేనని నోటీసులో రాయి. వెళ్లే రోజు ప్రతి గదీ వీడియో తీసి, మీటర్ రీడింగు ఫోటో తీసి, తాళాలిచ్చినట్టు సంతకం తీసుకో. కొత్త ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పెయింటు వాసన కొడుతుంటే సీలింగ్ వైపు ఇంకాసేపు చూడు.

మీ పెదనాన్న టెస్టరూ, మెగ్గరూ (వైర్ల ఇన్సులేషన్ చూసే మీటరు) సంచిలో సర్దేశారు. శనివారం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌కి వస్తానంటున్నారు. కరెంటాఫీసులో ఎవరూ ముప్ఫై ఏళ్లు ఆయన మాట వినలేదట, మీ ఓనరుగారు వింటారని ఆశ. ఆయనకి బీపీ ఉంది, కూరలో ఉప్పు తగ్గించు. మంచం హాల్లోకి జరిపాక ఫోటో పెట్టు.

మీ పెద్దమ్మ