న్యూట్రాన్ స్టార్లు (చచ్చిపోయిన పెద్ద నక్షత్రాల్లో మిగిలిన గట్టి ముద్దలు) గుద్దుకోవడం మీద నీ డ్రాఫ్ట్ చదివా తమ్ముడూ

రాత్రి పడుకునే ముందు ఓసారి చూద్దాంలే అని మొదలెట్టా, రెండో పేజీలోనే ఆగిపోయా. "న్యూట్రాన్ స్టార్లు గుద్దుకున్నాక వచ్చిన తరంగాల్ని కూడా పట్టేశారు" అని రాశావ్ కదా, అలా పట్టలేదయ్యా. 2017 ఆగస్టు 17న లైగో, వర్గో (గ్రావిటేషనల్ వేవ్స్, అంటే గురుత్వపు అలలు, పట్టే డిటెక్టర్లు) విన్నది గుద్దుకునే ముందుది, ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి గింగిరాలు తిరుగుతూ దగ్గరైపోయిన వంద సెకన్ల సిగ్నల్. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీ శాటిలైట్‌కి దొరికిన గామా కిరణాలు, దాదాపు పదకొండు గంటలకి చిలీలో స్వోప్ టెలిస్కోప్ ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో చూసిన కొత్త చుక్క, అవన్నీ వెలుగు. తర్వాత మిగిలిన ముద్ద నుంచి వచ్చే గ్రావిటేషనల్ వేవ్స్ వేరే సంగతి, వాటికోసం లైగో వర్గో వాళ్ళు వెతికారు, దొరకలేదు.

నీ అసలు కథ ఆ దొరకకపోవడమే, నువ్వేమో దాన్ని దాటేశావ్!

సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ వేలితో కొట్టి చూసేది కదా, ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే పగులుంది అని. ఇదీ అంతే. సూర్యుడికి 2.7 రెట్ల బరువున్న ఆ ముద్ద కాసేపు ఊగిందా, వెంటనే బ్లాక్ హోల్ అయిపోయిందా, లోపలి పదార్థం ఎంత గట్టిది, ఇవన్నీ ఆ ముద్ద తరంగాల మోతలోనే తెలుస్తాయ్. చిక్కేంటంటే ముద్ద ఊగితే ఆ మోత వెయ్యి హెర్ట్జ్ (సెకనుకి వెయ్యి ఊపులు) దాటి రెండు మూడు వేల దగ్గర ఉంటుంది, అక్కడ డిటెక్టర్ వాడే లేజర్‌లోని ఫోటాన్ల (వెలుగు కణాల) గోలే ఎక్కువ, డిటెక్టర్‌కి చెవి బాగా పనిచేసేది వంద హెర్ట్జ్ చుట్టుపక్కల.

ఇంకోటి, వాన్ పుట్టెన్, డెల్లా వాలే అని ఇద్దరు శాస్త్రవేత్తలు అదే డేటాలో ఓ ఐదు సెకన్ల పాటు ఏడు వందల హెర్ట్జ్ లోపు దిగుతూ పోయే సిగ్నల్ ఉందన్నారు. అది కూడా రాయి, కానీ "అన్నారు" అనే రాయి, "కనిపెట్టారు" అనకు. ఆ ఒక్క క్రియాపదం దగ్గర కక్కుర్తి పడి నేను ఓసారి సవరణ వేసుకున్నా, ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ గుద్దుకోవడంలో బంగారం పుడుతుందనే పేరా బానే ఉంది గానీ అందరూ రాసేదే, సగానికి కోసెయ్. మొదటి పేరా కుండతోనే మొదలుపెట్టి ఆదివారంలోగా పంపు, ఫోన్లో చదివించకు, కళ్ళు లాగుతున్నాయ్, ప్రింట్ తీసి తీసుకురా.