తాతగారి వాక్కు, మేనత్తగారి నోటు పుస్తకాలు

ప్రశ్న: మా తాతగారు ప్రతి గురువారం సాయంత్రం ధ్యానంలో కూర్చుని, కాసేపటికి తనది కాని గొంతుతో బోధలు చెప్పేవారు. 1978 నుంచి పన్నెండేళ్లపాటు మా మేనత్తగారు వాటిని రాసిపెట్టారు. ఇరవై మూడు నోటు పుస్తకాలు, నలభై దాకా క్యాసెట్లు ఇంట్లో ఉన్నాయి. వాటిని తప్పులు దిద్ది, తిరగరాసి పుస్తకంగా వేయించి, పాతవాటిని గోదావరిలో కలిపేద్దామని మా పెదనాన్నగారు అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా? ఆ పుస్తకం మీద హక్కు ఎవరిది అవుతుంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గోదావరిలో కలపడానికి తొందరపడవద్దని ముందుగా మీ పెదనాన్నగారికి చెప్పండి. చిరిగిపోయిన రామాయణాన్ని నీటిలో కలిపితే మరో రామాయణం కొట్లో దొరుకుతుంది, మీ మేనత్తగారి చేతిరాతకు మాత్రం రెండో ప్రతి లేదు. ఆ గొంతు ఎవరిదన్నది ఈ శీర్షికలో తేలే సంగతి కాదు, తేలనవసరమూ లేదు. ఏ రోజున, ఎవరి ఎదుట, ఏ ప్రశ్నకు ఏ మాటలు వచ్చాయన్నది నమ్మేవారికీ నమ్మనివారికీ సమానంగా కావలసిన విషయం, దానికి సాక్ష్యం ఆ పుస్తకాలూ క్యాసెట్లే.

ఇటువంటి వాక్కులను ఎలా దాచాలో తెలుసుకోవడానికి అమెరికాకు చెందిన ఎడ్గార్ కేసీ రీడింగుల చరిత్ర చాలా ఉపయోగపడుతుంది. కెంటకీ రాష్ట్రంలో 1877లో పుట్టిన కేసీ సోఫా మీద పడుకుని, నిద్రవంటి స్థితిలోకి వెళ్లి, అడిగినవారి జబ్బుల గురించీ, తరువాతి రోజుల్లో పూర్వజన్మల గురించీ చెప్పేవారు, అలా ఒక్కోసారి చెప్పినదానిని ఒక ‘రీడింగు’ అంటారు. మెలకువ వచ్చాక తాను ఏమి చెప్పిందీ ఆయనకు గుర్తుండేది కాదు. తొలి ఇరవై ఏళ్ల రీడింగుల్లో చాలా భాగం ఈరోజు లేదు, వాటిని పట్టుగా కూర్చుని రాసినవారు లేకపోవడమే కారణం. 1923లో అలబామాలోని సెల్మాలో గ్లాడిస్ డేవిస్ అనే యువతి స్టెనోగ్రాఫర్‌గా చేరిన తరువాత పరిస్థితి మారింది. 1945 జనవరిలో కేసీ మరణించేనాటికి పోగుపడి, నేడు వర్జీనియా బీచ్‌లో భద్రంగా ఉన్న పద్నాలుగు వేలకు పైగా రీడింగుల్లో అత్యధికం ఆమె చేతి మీదుగా వచ్చినవే.

ఆమె షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నది టైపు చేసి, ఒక ప్రతిని అడిగినవారికి పంపి, కార్బన్ కాపీని దగ్గర ఉంచుకునేవారు. ప్రతి రీడింగుకూ పైన తేదీ, వేళ, ఊరు, గదిలో ఉన్నవారి వివరాలు ఉంటాయి. దానికి సంబంధించి ముందూ వెనకా నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలను కూడా ఆమె అదే ఫైలులో చేర్చారు. జబ్బుల సంగతులు బయటపడకుండా మనుషుల పేర్లకు బదులు అంకెలు వేశారు. కేసీ తన కోసం చెప్పించుకున్న రీడింగులు కూడా 294 అనే అంకె కిందే ఉంటాయి. కేసీ పోయాక కూడా, 1986లో తాను మరణించేదాకా ఆమె జీవితం ఆ కాగితాలతోనే గడిచింది. కేసీ పేరు తెలిసినవారు లక్షల్లో ఉంటే ఆమె పేరు తెలిసినవారు వేలల్లోనైనా ఉంటారో లేదో.

మూలప్రతి లేకపోతే ఏమవుతుందో మన కాలజ్ఞానం చెబుతుంది. వీరబ్రహ్మేంద్రస్వామి తాను రాసిన తాటాకులను బనగానపల్లెలో పాతర వేసి, దాని మీద చింతచెట్టు నాటించారని భక్తుల విశ్వాసం. పాతర సంగతి ఎలా ఉన్నా, జనం నోట నడిచిన కాలజ్ఞానంలో ప్రతి తరమూ ఏదో ఒకటి కలుపుతూ వచ్చింది. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అంటాం. చెప్పారో లేదో చూద్దామంటే చేతిలో ఆకు లేదు.

అందువల్ల పుస్తకం వేయండి, కానీ దిద్దుబాట్లన్నీ వేరే కాగితం మీద చేయండి. ముందుగా నోటు పుస్తకాల్లోని ప్రతి పేజీని, ఖాళీ పేజీలను, అట్టలను కూడా కలిపి, 400 డీపీఐకి తగ్గకుండా రంగుల్లో స్కాన్ చేయించండి. తరువాత ఉన్నది ఉన్నట్టుగా ఒక ప్రతి టైపు చేయండి. మేనత్తగారు ‘మనసును నిలపాల’ అని రాసి ఉంటే దానిని ‘నిలపాలి’ అని మార్చవద్దు. ఆ ‘ల’ తాతగారి నోట వచ్చిందా, అత్తయ్యగారి కలం జారిందా అన్నది క్యాసెట్ విన్నప్పుడు గానీ తెలియదు. అర్థంకాని చోట ఊహించి పూరించకుండా, చదరపు బ్రాకెట్లలో ‘చదవడానికి రాలేదు’ అని రాయండి. పాఠకుల కోసం శుభ్రమైన ప్రతిని దీని నుంచి తయారు చేసుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో జేన్ రాబర్ట్స్ ‘సేత్’ పేరిట చెప్పిన మాటలను రాసుకున్న ఆమె భర్త రాబర్ట్ బట్స్, మాటల మధ్య గడియారం చూసి వేళను కూడా వేసేవారు. వారి కాగితాలు ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. మీ పుస్తకాల్లోనూ మార్జిన్లలో అటువంటి గుర్తులు ఉండవచ్చు, వాటిని వదిలేయకండి. కెంటకీలో 1981–84 మధ్య ‘రా’ అనే పేరిట ఇటువంటి వాక్కులే వచ్చిన 106 సమావేశాల విషయంలో, పుస్తకాలు అచ్చయిన ఎన్నో ఏళ్ల తరువాత టేపులను మళ్లీ విని పాఠాన్ని సరిచేయగలిగారంటే, అచ్చయిన వెంటనే టేపులను ఎవరూ పారేయకపోవడం వల్లనే.

క్యాసెట్లను ఇంట్లోని పాత టేపురికార్డరులో పెట్టి ఎలా ఉన్నాయో చూద్దామనుకోవద్దు, బలహీనమైన టేపుకు ఆ ఒక్కసారే ఆఖరిసారి కావచ్చు. క్యాసెట్ పై అంచున రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచేస్తే పొరపాటున దాని మీద మరో రికార్డింగు పడదు. టేపు చుట్ట మీద తెల్లని బూజు కనిపిస్తే దానిని పక్కన పెట్టి, ఈ పని తెలిసినవారికే ఇవ్వండి. ధ్వనిని ఎంపీ3గా కాకుండా 24 బిట్ వేవ్ ఫైలుగా ఎక్కించమని అడగండి. మూడు ప్రతులు చేసి, ఒకదానిని వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచండి. కాగితానికి లామినేషన్ గానీ సెల్లోటేపు గానీ వేయవద్దు. తుప్పుపట్టిన పిన్నులను తీసేయండి.

హక్కుల సంగతికి వస్తే, 1926లో ఇంగ్లండులో ఇటువంటి వివాదమే కోర్టుకెక్కింది. జెరాల్డిన్ కమిన్స్ అనే మీడియం (పరలోకవాసుల మాటను అందిస్తానని చెప్పే వ్యక్తి) చేతి ద్వారా వచ్చిన రాతను తిరగరాసి, విరామచిహ్నాలు పెట్టి, పేరాలుగా అమర్చిన ఫ్రెడరిక్ బ్లై బాండ్ అనే వాస్తుశిల్పి హక్కు తనదన్నారు. అది పరలోకవాసి పలుకు కనుక హక్కు ఎవరికీ ఉండదన్న వాదన కూడా వచ్చింది. న్యాయమూర్తి ఈవ్ పరలోకం తన అధికార పరిధిలోకి రాదన్నట్టుగా చమత్కరించి, హక్కు కమిన్స్‌దేనని తీర్పు చెప్పారు. ఆ తీర్పు మన కోర్టులకు శిరోధార్యమేమీ కాదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత ఉండగా వెలువడిన రచనకు ఆయన పోయిన తరువాత 60 ఏళ్లపాటు, పోయాకే తొలిసారి వెలువడితే అప్పటి నుంచి 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది కనుక, తాతగారినే కర్తగా భావించి, వారసులందరూ సంతకాలు చేసిన ఒప్పందం రాసుకున్నాకే అచ్చుకు వెళ్లండి. లేఖకురాలిగా మేనత్తగారి పేరు మొదటి పేజీలో వేయండి. ఆ గురువారాల్లో తమ ఇంటి గొడవలు, రోగాలు చెప్పుకున్నవారి పేర్లను మాత్రం అచ్చుప్రతిలో తీసేయండి.

మేనత్తగారు ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే, స్కానింగు దుకాణం కన్నా ముందు ఆవిడ దగ్గరకు వెళ్లి, మొదటి నోటు పుస్తకం తెరిచి ఎదురుగా పెట్టి, పొడి అక్షరాల్లో ఉన్న ప్రతి పేరూ ఎవరిదో అడిగి రాసుకోండి.