చలికాలం పక్షుల కోసం పొలంలో నీళ్లు నిలిపే రైతుకి డబ్బు ఎలా కట్టాలి?

తెనాలి వైపు పల్లపు పొలాల్లో సార్వా కోత అయ్యాక నీళ్లు నిలిపిస్తే వలస పక్షులు దిగుతాయి కదా, ఎకరానికి ఎంతివ్వాలి, కాగితం ఎవరితో రాసుకోవాలి అని అడిగారు.

ముందు ఎవరితో అన్నది తేల్చుకోండి. పాస్‌బుక్ ఒకరిది, సాగు ఇంకొకరిది. డబ్బు యజమాని ఖాతాలో వేస్తే కౌలూ ఆయనకే, మీ సొమ్మూ ఆయనకే. కౌలుదారుకే వేస్తే, నా పొలం చిత్తడి చేశావని మరుసటి ఏడు కౌలు తీసేస్తారు. అందుకే ముగ్గురి సంతకాలతో రాయండి: పంట నష్టం సొమ్ము కౌలుదారుకి, గట్టు మరమ్మతు ఖర్చు యజమానికి. నిజంగా దున్నేది ఎవరో ఈ-క్రాప్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే) నమోదులో పేరు చూడండి, ఊళ్లో కూడా అడగండి. ఏడాదికి మించిన లీజైతే రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి ఒక్క సీజన్‌కే రాసుకోవడం మేలు.

రేటు పొలం విలువని బట్టి కాదు, ఆ సీజన్‌లో రైతు వదులుకునే పంటని బట్టి ఉండాలి. మన దగ్గర అది మినుము, లేదంటే దున్నకుండా వేసే మొక్కజొన్న. ఉదాహరణకి ఎకరాకి 4 క్వింటాళ్ల మినుము అనుకుందాం. 2025-26 మద్దతు ధర క్వింటాలుకి రూ.7,800 చొప్పున రూ.31,200. ఖర్చు రూ.11,000 తీసేస్తే మిగిలేది రూ.20,200. దాని మీద నీటి ఖర్చు, కాపలా కలపాలి. మొక్కజొన్న పొలాలకి లెక్క వేరే, అక్కడ మీ బడ్జెట్ సరిపోకపోవచ్చు. ఇంకోమాట: వరి కోతకి ముందే ఆ పొలంలో మినుము చల్లేస్తారు. కోత అయ్యాక వెళ్లి అడిగితే విత్తనం అప్పటికే నేలలో ఉంటుంది. అక్టోబరులోనే మాట తీసుకోండి.

కాలిఫోర్నియాలో 2014 నుంచి వరి రైతులతో రివర్స్ వేలం నడుపుతున్నారు. తక్కువ రేటుకి నీళ్లు నిలుపుతానన్నవారిని ఎంచుకుంటారు. ఇక్కడ ఒక్క ఊళ్లోనే పెడితే రచ్చబండ దగ్గరే అందరూ ఒకే రేటు అనుకుని వస్తారు. నాలుగైదు ఊళ్లు కలిపి, కవర్లు మూసి తీసుకుంటేనే అసలు రేటు తెలుస్తుంది.

ఎక్కువగా చెడేది నీటి దగ్గరే. బురదలో పురుగు ఏరుకునే ఉల్లంకి పిట్టలకి 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు చాలు, బాతులకి 20 వరకు. అంతకంటే లోతైతే పక్షి ముక్కు బురదని అందుకోదు. ఎకరంలో 10 సెంటీమీటర్లంటే సుమారు 4 లక్షల లీటర్లు. ఎండకే రోజుకి నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గుతుంది, ఊట దానికి అదనం. కాలువ కట్టేస్తే మోటారే దిక్కు, కాబట్టి డీజిల్ ఎవరిదో కాగితంలో ఉండాలి.

పక్క పొలంలో మినుము ఉంటే గట్టు ఊటకి వేరు కుళ్లి చచ్చిపోతుంది, గొడవ ఖాయం. విడి ముక్కలు తీసుకోవద్దు. మురుగు కాలువని ఆనుకుని, ఒకదానికొకటి తగిలి ఉన్న పొలాలు ఎంచుకుని, అంచు గట్టు బయట బోదె తీయించండి.

డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. నీళ్లు పెట్టగానే 30 శాతం, మధ్యలో 40, చివర తూము తీశాక 30. లోతుకి గుర్తులు వేసిన కర్ర పాతి, వారానికో ఫోటో తీయించండి. నీళ్లు వారానికి రెండు మూడు సెంటీమీటర్లు చొప్పున దించాలి, అప్పుడే బురద అంచున పురుగు దొరుకుతుంది. తుఫాను వాన వల్ల లోతు పెరిగితే డబ్బులో కోత పెట్టొద్దు. గుళికల మందు చల్లినా, వల పన్నినా మాత్రం ఒప్పందం రద్దు.

కొల్లేరు చేపల చెరువులకీ ఇదే చేయొచ్చా అన్నారు. +5 కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) లోపలిది 1999లోనే అభయారణ్యం అయింది. అక్కడ ఆక్రమించి తవ్విన చెరువుకి మీరు డబ్బు కడితే ఆక్రమణకి జీతం ఇచ్చినట్టే. జిరాయితీ (సొంత పట్టా) భూమి సంగతి వేరు, కానీ అక్కడ కూడా సర్వే నంబరు అటవీ శాఖకి చూపించాకే రైతుతో కూర్చోండి.