పాత కారు ఘాట్‌లో లాగకపోతే ముందు ఏం మార్చాలి?

మీది 12 ఏళ్ల పెట్రోల్ కారు, రోజూ విశాఖలో మధురవాడ నుంచి గాజువాక తిరుగుతుంది. సింహాచలం ఘాట్‌లో ఏసీ వేస్తే లాగడం లేదు, తక్కువ ఖర్చులో పవర్ పెరగాలి అన్నారు.

పోయిన పవర్‌ని వెనక్కి తెచ్చుకోవడమే అన్నిటికన్నా చవక. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు మార్చి, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) శుభ్రం చేయించండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. అప్పుడు ఉన్న డబ్బంతా దానికే పెట్టండి. మన సముద్రపు గాలికి ఎర్త్ టెర్మినళ్లు (బ్యాటరీ నెగటివ్ వైరు కారు బాడీకి, ఇంజిన్‌కి కలిసే చోట్లు) తుప్పు పడతాయి, అవీ చూపించండి. సైలెన్సర్ మారిస్తే పెరిగేది ఎక్కువగా చప్పుడే.

బ్రేకులు మాత్రం దయచేసి వాయిదా వేయకండి. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, సుమారు 2 ఏళ్లకోసారి మార్చాలి. పాతదైతే ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.