క్రోటన్ రంగు పోయి పచ్చబడుతుంటే, కార్డిలైన్ కొసలు మాడుతుంటే ఏం చెయ్యాలి?

ఒంగోల్లో నర్సరీ నుంచి ఎర్రగా పసుపుగా ఉన్న క్రోటన్ తెచ్చి వరండాలో పెడితే మూడు నెలలకే పచ్చబడిందని, యూరియా వేసినా రంగు రాలేదని, పక్కన కార్డిలైన్ అనే పొడుగాకుల కుండీ మొక్కకి ఆకులు కొసల్లో మాడుతున్నాయని అడిగారు గదండీ, ముందు ఆ యూరియా ఆపేయండి. వెలుతురు చాలనప్పుడు మొక్క పత్రహరితం ఎక్కువ చేసుకుంటది, ఎరుపూ పసుపూ దాని కింద మునిగిపోతాయి, యూరియాలో నత్రజని దానికి ఇంకా బలమిస్తది. మీరు మంచికే వేశారు గానీ పచ్చదనమే పెరిగింది. నెలకోసారి గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు చాలు.

క్రోటన్‌ని తూర్పు వైపు పొద్దున ఎండ పదిన్నర దాకా తగిలే చోటుకి మార్చండి, ఒక్కసారే కాదు, రోజూ కాసేపు కాసేపు పెంచుకుంటూ పది పదిహేను రోజుల్లో అలవాటు చెయ్యాలి, లేకపోతే ఆకులు కాలి రాలిపోతాయి. లేత ఆకు పచ్చగా పసుపుగా వచ్చి ముదిరే కొద్దీ ఎరుపెక్కుతది, కాబట్టి రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. రోహిణి కార్తెలో పడమటి గాలి కొట్టేటప్పుడు మాత్రం మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ ఉండాల్సిందే. ఆ రోజుల్లోనే ఆకుల అడుగున ఎర్రనల్లి అనే సన్న పురుగు కూడా చేరతది, ఆకు మీద సన్న చుక్కలు పడి రంగు వెలిసిపోతది, పొద్దున్నే ఆకు అడుగు తడిసేటట్టు నీళ్ళు కొట్టండి.

ఇక కార్డిలైన్ సంగతి, ఇది నాకు బాగా తగిలిన దెబ్బ. మాది కనిగిరి, ఇక్కడ బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే, మనుషుల పళ్ళు ఎముకలే పాడైపోయిన ఊళ్ళు ఉన్నాయి ఈ చుట్టుపక్కల. కార్డిలైన్, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఈ మూడూ ఫ్లోరైడ్‌ని అసలు తట్టుకోలేవు, వేళ్ళతో తాగింది ఆకు కొసకి చేరి అక్కడే పేరుకుని మాడ్చేస్తది. నాకప్పుడు ఇది తెలీదు, నీళ్ళు వృథా ఎందుకని ఇంట్లో ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళు బకెట్‌లో పట్టి ఏడాది పాటు వీటికే పోశాను. మిషన్ మంచినీళ్ళు మనకిచ్చి ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడ్డ నీళ్ళు బయటికి తోస్తది గదా, అంటే బోరు నీళ్ళ కంటే ఘాటైన నీళ్ళు నా చేత్తోనే పోశానన్నమాట, నాలుగు కార్డిలైన్లు పొయ్యాయి, ఇప్పటికీ బాధే.

ఇప్పుడు మేడ మీద వాన నీళ్ళు పైపుతో రెండొందల లీటర్ల డ్రమ్ములోకి పట్టి, దోమలు చేరకుండా మూత బిగించి, ఆ మూడు రకాలకే పోస్తున్నాను. మనకి అక్టోబరు, నవంబరు వానలే ముఖ్యం గనక అప్పుడు కుండీలన్నీ ఆరుబయట పెడతాను, మట్టిలో పేరుకున్న ఉప్పు కిందకి కొట్టుకుపోతది, కుండీ అడుగు బెజ్జం మూసుకుపోకుండా చూసుకోవాలి. ఇంకోటి, సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో కూడా ఫ్లోరైడ్ ఉంటది, అది వీటికి వెయ్యొద్దు.

మాడిన కొస మళ్ళీ బాగుపడదు, కత్తిరించెయ్యండి, కొత్త ఆకు శుభ్రంగా వస్తే నీళ్ళు సరిపోయినట్టే. ఇంతకీ మీరు పోసేది మున్సిపాలిటీ నీళ్ళా, బోరు నీళ్ళా? అదొక్కటి చెప్పండి, డ్రసీనా ఉంటే దాని ఆకు కూడా ఫోటో తీసి పెట్టండి.