సుల్తాన్ బజార్ కథ రాయబోయే బిడ్డకు

బిడ్డా,

హైదరాబాద్ సుల్తాన్ బజార్ చరిత్ర రాస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంతోషం. ఆ వీధిలో బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు లెక్కలు రాశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఏ దుకాణం ఎప్పుడు పెట్టారని అడగకు. బజారు అక్కడే ఎందుకు పుట్టిందో పట్టుకో. మొన్నటిదాకా కోఠి మహిళా కళాశాలగా ఉండి, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన ఆ చోటే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి అయిన రెసిడెంట్ ఉండే చోటు. దాని చుట్టూ ఉన్న బజార్లలో నిజాం పాలన కాదు, రెసిడెంట్ మాట చెల్లేది. సాహుకార్లు, వ్యాపారులు అక్కడ చేరడానికి అదొక పెద్ద కారణం. సభలు పెట్టుకోవడానికీ కాస్త వెసులుబాటు దొరికేది. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901లో ఆ ప్రాంతంలోనే మొదలైంది. 1921లో అక్కడి వివేకవర్ధని విద్యాసంస్థలో జరిగిన సభలో తెలుగులో మాట్లాడిన వక్తను గేలి చేస్తే, ఆ అవమానం నుంచే తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టింది. చీరలు, గాజుల గురించి మాత్రమే రాస్తే ఆ వీధికి అన్యాయం చేసినట్టే.

పాత రసీదులు, చిట్టాలు దొరికితే తారీఖు జాగ్రత్తగా చూడు. 1343 అని ఉంటే కంగారు పడకు, అది ఫసలీ, నిజాం కాలపు సర్కారీ లెక్కల సంవత్సరం. 590 కలిపితే 1933 వస్తుంది. రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చిన ఏడాది అదే. సుల్తాన్ బజార్ అనే పేరు ఆ తర్వాతిది. మొత్తం పక్కన 'హాలీ' అని ఉంటే నిజాం రూపాయి, 'కల్దార్' అని ఉంటే బ్రిటిష్ రూపాయి. 6 కల్దార్లకు దాదాపు 7 హాలీలు. ఇది తెలియకుండా ధరలు పోల్చావో, లెక్కంతా తప్పుతుంది.

ఒక పెద్దాయన మాట నమ్మి, ఒక దుకాణం నిజాం కాలం నాటిదని నేనూ చాలామందికి చెప్పాను. తర్వాత కిరాయి కాగితాలు చూస్తే అది చాలా కొత్తది. ఆయన అబద్ధం ఆడలేదు, పక్క దుకాణం సంగతిని దీనిదనుకున్నాడు. అందుకే ఒకరు చెప్పింది ఇంకొకరిని అడుగు, కాగితం ఉంటే చూపించమను.

పండగ సీజన్‌లో వెళ్లకు, ఎవరికీ తీరిక ఉండదు. మామూలు రోజు పొద్దున షటర్లు తీసే వేళకు వెళ్లు. "అప్పట్లో ఎలా ఉండేది?" అంటే "బాగుండేది" అంటారు, అంతే. సరుకు ఎక్కడి నుంచి వచ్చేది, ఉద్దెర ఎవరికి ఇచ్చేవారు, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చునేవారు అని అడుగు. యజమానులతో ఆగిపోకు. మూటలు మోసిన హమాలీలను, బండ్ల మీద అమ్ముకునేవాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడించు. మెట్రో లైన్ వస్తే బతుకుదెరువు పోతుందని వ్యాపారులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2020లో రైలు నడిచింది. వాళ్ల భయంలో ఎంత నిజమైందో వాళ్ల నోటనే విని రాయి.

మా దుకాణం మూసేసినప్పుడు సేఠ్ నాకిచ్చిన పాత చిట్టా ఒకటి బీరువాలో ఉంది. ఆదివారం రా. కెమెరా తెచ్చుకో. కాగితం పెళుసెక్కింది, పేజీలు నేనే తిప్పుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న