వార్డు లేఖ రాసే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

కౌన్సిలర్ గారి తరఫున వార్డులో ప్రతి ఇంటికీ నెలనెలా వెళ్లే ఉత్తరం రాసే పని నీ చేతికొచ్చినందుకు చాలా సంతోషం. నీ మొదటి చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ అందులో ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘వార్డులో నెలకొన్న మురుగునీటి సమస్యను శాశ్వతంగా పరిష్కరించే దిశగా యుద్ధప్రాతిపదికన చర్యలు చేపట్టడం జరిగింది.’ ఏ వీధి? ఎంత పొడవు కాలువ? ఎప్పుడు? ఇంకా ఏం మిగిలింది? దీంట్లో ఒక్కదానికీ జవాబు లేదు. అదే సంగతి ఇలా రాసి చూడు:

‘రామాలయం వీధి కాలువలో 40 మీటర్ల పూడిక 6, 7 తేదీల్లో తీశారు. గట్టు మీద ఆరబెట్టిన పూడిక 9న ట్రాక్టర్‌లో ఎత్తారు. మలుపు దగ్గర 5 మీటర్లు మిగిలింది. అక్కడ కాలువ మీద ఇంటి మెట్లు ఉన్నాయి. స్లాబు తీయడానికి ఇంజనీరు ఆ ఇంటివారితో 14న మాట్లాడతారు.’

ఈ నాలుగు ముక్కలూ చదివినవాళ్లు గుమ్మం దాటి వెళ్లి చూసుకోగలరు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. లేఖలో ప్రతి మాటనూ వీధిలో నిలబడి సరిచూసుకునే వీలుండాలి. పూడిక ఎత్తిన తేదీ విడిగా ఎందుకు రాయమంటున్నానంటే, తీసిన పూడిక ఒకటి రెండు రోజులు నీరు కారాక ఎత్తాలి. అది గట్టు మీదే ఉండిపోతే తర్వాతి వానకు మళ్లీ కాలువలోకే జారుతుంది. ‘పూడిక తీశారు’ అని మాత్రం రాస్తే సగం పనికి పూర్తి మార్కులు వేసినట్టే.

లేఖ రాసే పనిని పోయిన నెల లేఖతో మొదలుపెట్టు. దాన్ని పక్కన పెట్టుకుని అందులో ‘చేస్తాం’ అన్నవన్నీ గీత గీసి, ఒక్కోదాని ఎదురుగా అయింది, కాలేదు, ఎందుకు కాలేదు అని రాయి. ఫిర్యాదుల అంకెలు కూడా నగదు పుస్తకం రాసినట్టే రాయాలి. పోయిన నెల మిగిలినవి 11, ఈ నెల వచ్చినవి 34, మొత్తం 45, తీరినవి 30, మిగిలినవి 15. చాలామంది ‘వచ్చినవి 34, తీరినవి 30’ అని రాసి ఊరుకుంటారు. పాత 11 అక్కడే మాయమైపోతాయి. మిగిలిన వాటిలో అన్నిటికన్నా పాతది ఏది, ఎన్ని రోజులైంది అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పు. ఇంకో జాగ్రత్త ఉంది. మునిసిపాలిటీ ఫిర్యాదుల యాప్‌లో ఒక ఫిర్యాదు ‘క్లోజ్’ అయిందంటే పని అయిందని కాదు, ఎవరో దాన్ని మూసేశారనే అర్థం. అంకె రాసే ముందు మూసేసిన వాటిలో నాలుగైదింటికి ఫోన్ చేసి, ‘దీపం వెలుగుతోందా?’ అని అడిగి తెలుసుకో.

‘మంజూరైంది’ అన్న మాట దగ్గర అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండు. ఆ మాట వినగానే వచ్చే వారం కంకర దిగుతుందనుకుంటారు జనం. నిజానికి దాని వెనక చాలా మెట్లుంటాయి. ముందు అంచనా వేయాలి, కౌన్సిల్ తీర్మానం కావాలి, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి రావాలి. తర్వాత టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. పని అయ్యాక ఎం.బుక్ అనే కొలతల పుస్తకంలో లెక్కలు ఎక్కాలి, నాణ్యత పరీక్ష జరగాలి, ఆ తర్వాతే బిల్లు. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో ఆ పేరుతోనే రాయి: ‘టెండరు పిలిచారు, ఎవరూ వేయలేదు, రెండోసారి పిలుస్తారు.’ కౌన్సిలర్ గారికి ఈ వాక్యం మొదట్లో నచ్చకపోవచ్చు. అయినా పట్టుబట్టు. ఆలస్యాన్ని జనం అర్థం చేసుకుంటారు. మూడు నెలలు వరసగా ‘త్వరలో’ అని చదివితే మాత్రం నాలుగో నెల కాగితం విప్పరు.

నిధుల మాట వచ్చినప్పుడు ఏ పద్దులోంచో చెప్పు. 15వ ఆర్థిక సంఘం 2021–26కి సిఫారసు చేసిన గ్రాంట్లలో మన వంటి పట్టణాలకు 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలన్న షరతు ఉండేది. ఇలాంటి షరతు సంగతి చెప్పకపోతే, ‘డబ్బు వచ్చిందటగా, పార్కు ఎందుకు కట్టలేదు?’ అని అడిగేవాళ్లకు జవాబు దొరకదు.

సీసీ రోడ్డు వేయబోతున్నప్పుడు లేఖ వల్ల జరిగే మేలు ఇంకే నెలలోనూ జరగదు. రోడ్డు పడడానికి కనీసం రెండు నెలల ముందే ఇలా రాయి: ‘ఈ వీధిలో కొత్త కుళాయి కనెక్షన్ కావాల్సినవారు, పాత పైపు మార్చుకోవాల్సినవారు ఫలానా తేదీలోగా దరఖాస్తు పెట్టుకోండి.’ ఈ ఒక్క వాక్యం మరిస్తే కొత్త రోడ్డును వారంలోనే అడ్డంగా కోస్తారు, ఆ కోత దగ్గర మొదలైన గుంత వానకు పెరుగుతుంది. రోడ్డు పడ్డ నెల లేఖలో కాంక్రీటు మీద చిన్న చిన్న కట్టలు కట్టి కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలని, 28 రోజుల దాకా లారీలు, ట్రాక్టర్లు రానివ్వకూడదని రాయి. తడపని కాంక్రీటు పైపొర పిండిలా లేస్తుంది. ఇది తెలిసిన వీధివాళ్లు కాంట్రాక్టరును వాళ్లే అడుగుతారు. ఎవరూ పురమాయించక్కర్లేదు.

నీళ్ల సంగతికి లేఖలో పై భాగం కేటాయించు. వేళలు మారితే మొదటి వాక్యం అదే కావాలి. నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా భయపెట్టకుండా, దాచకుండా కారణం చెప్పాలి. మన ఊళ్లలో కుళాయి రోజంతా రాదు. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది. ఆపేశాక లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ పైపు మురుగు కాలువ పక్కగానో కాలువలోంచో పోతూ ఎక్కడైనా చిల్లి పడి ఉంటే, ఆ ఖాళీ బయటి మురుగును లోపలికి లాగుతుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఈ లాగడం ఇంకా ఎక్కువవుతుంది. ‘మోటార్లు పెట్టరాదు, చర్యలు తీసుకోబడును’ అని రాసే బదులు ఈ కారణం రాసి చూడు. పక్కింటి మోటారు తన ఇంటి మంచినీళ్లలోకి మురుగు తెస్తుందని తెలిస్తే వీధే మాట్లాడుకుంటుంది. క్లోరిన్ పరీక్ష ఫలితం కూడా ఇవ్వు. ట్యాంకు దగ్గరిది కాదు, లైను చిట్టచివరి కుళాయి దగ్గరిది. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష ఏ తేదీన, ఏ వీధిలో చేశారో, ఎంత వచ్చిందో రాయి. తక్కువ వస్తే తక్కువనే రాసి, ఆ వీధివాళ్లను కాచి తాగమని చెప్పు.

ఏ పని ఎవరిదో కూడా చెబుతూ ఉండాలి. వీధి దీపం మునిసిపాలిటీది. ట్రాన్స్‌ఫార్మరు, వేలాడే తీగ విద్యుత్ సంస్థవి, వాటికి 1912. పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది (రోడ్లు, భవనాల శాఖది) అయితే అదీ చెప్పు. ఇది తప్పించుకోవడం కాదు. ఎవరికి, ఏ తేదీన ఉత్తరం రాశారో ఆ వెంటనే రాస్తే బాధ్యత తీసుకున్నట్టే. దీపం గురించి రాసేటప్పుడు స్తంభం నంబరు తప్పనిసరి. ‘స్కూలు దగ్గర దీపం’ అంటే లైన్‌మన్‌కు మూడు స్తంభాలు కనిపిస్తాయి.

నెలల వరస చూసుకుంటే రాయాల్సినవి వాటంతటవే గుర్తొస్తాయి. ఏప్రిల్‌లో ఏడాది ఇంటి పన్ను ఒకేసారి కట్టేవారికి 5 శాతం రాయితీ. అయితే ఆ సంవత్సరపు ఉత్తర్వు కళ్లారా చూశాకే అచ్చు వెయ్. మేలో పూడిక. జూలై నుంచి అక్టోబరు దాకా డెంగీ. ఆ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుందని, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుందని, అందుకే ప్రతి శుక్రవారం డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు ఆరబెట్టమంటున్నామని రాయి. ఫాగింగ్ పొగ ఎగిరే దోమలనే చంపుతుంది, నీళ్లలోని పురుగులను ఏమీ చేయదు. ఇది చెప్పకపోతే జనం పొగ బండి కోసమే ఎదురుచూస్తారు.

పేర్ల విషయంలో కచ్చితంగా ఉండు. పింఛను అందుకున్నవారి పేర్లు, పన్ను బకాయిదారుల పేర్లు, ఫిర్యాదు చేసినవారి ఇంటి నంబర్లు లేఖలో రానివ్వకు. ఒకరి పేరు ఒకసారి వచ్చిందంటే మళ్లీ ఎవరూ నోరు విప్పరు. ఒకటో తేదీ పింఛను ఇచ్చే సచివాలయం సిబ్బంది చేత ఈ కాగితం పంచించవద్దు. డబ్బు, కాగితం ఒకే చేతి నుంచి వస్తే ముసలివాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. పార్టీ రంగులు, గుర్తులు వద్దు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే ఆ నెల లేఖ ఆపి, ఏం చేయొచ్చో కమిషనర్ కార్యాలయాన్ని కాగితం మీదే అడుగు.

ఫొటోలు రెండు చాలు. పనికి ముందు ఒకటి, తర్వాత ఒకటి, రెండూ ఒకే చోట నిలబడి తీసినవి. రెండింట్లోనూ ఒకే స్తంభమో గోడో కనిపించాలి. కొబ్బరికాయ కొట్టే ఫొటో కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ఇక అచ్చు. ఏ4 కాగితం రెండు వైపులా, 500 మాటలు మించకుండా, అక్షరం 13 పాయింట్లకు తగ్గకుండా. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) కాగితంలో వెనక అక్షరాలు కనిపిస్తాయి, 80 అడుగు. నువ్వు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో కనిపించే అక్షరాల్లో, టైపు చేసి ఇచ్చినదాన్ని డీటీపీ సెంటరువాళ్లు చాలాచోట్ల అను ఫాంట్లలోకి, అంటే అచ్చుపనికి వాడే పాత పద్ధతి అక్షరాల్లోకి, మారుస్తారు. అప్పుడు వత్తులు, గుర్తులు చెదిరిపోతాయి. అందుకని నువ్వు ఇచ్చింది సరిగ్గా ఉంది కదా అని ఊరుకోకుండా, మార్చాక వచ్చిన ప్రూఫును అక్షరం అక్షరం చదువు. అంకెలను మరొకరి చేత పైకి చదివించి నీ కాగితంతో పోల్చు. ఫోన్ నంబరును ప్రూఫు మీద చూసి డయల్ చెయ్, అవతల మోగాలి. వాట్సాప్‌కు మాత్రం యూనికోడ్ ప్రతే పంపాలి, అను ఫాంటులోది అక్కడ అర్థంకాని గీతలుగా కనిపిస్తుంది. పొడుగు సందేశంలో మొదటి కొన్ని వరుసలే బయటికి కనిపిస్తాయి కనుక నీళ్ల వేళలు, తేదీలు అక్కడ ఉండాలి. చదవలేనివారి కోసం రెండు నిమిషాల ఆడియో కౌన్సిలర్ గారి గొంతుతోనే చేయించు.

లేఖ 5వ తేదీలోగా ఇళ్లకు చేరాలంటే 24నే మొదలుపెట్టాలి. శానిటరీ ఇన్‌స్పెక్టరుతో ఒక ఉదయం, ఇంజనీరుతో ఒక సాయంత్రం వార్డంతా నడువు. అంకెలు 28కి ఆపెయ్, ‘28 నాటికి’ అని రాయి. 29న చిత్తుప్రతి కౌన్సిలర్ గారికి పైకి చదివి వినిపించు. చదువుతూ నీకే గొంతు తడబడే వాక్యం ఉంటే అక్కడ ఏదో దాగి ఉందని అర్థం. ఆ రాత్రే నాకూ పంపు. పోయిన నెల లేఖ, గీతలు గీసిన ప్రతి, దానికి జత చెయ్. ముందు అదే చదువుతాను.

నీ అన్నయ్య